ఉప్పు కుండ కింద రసీదులు

భాగ్యమ్మ మూడు శిస్తు రసీదులను బైబిల్లోంచి తీసి ఉప్పు కుండ కింద పెట్టింది. ఏ పుస్తకం మీద చెయ్యి వేసి అబద్ధమాడిందో ఆ పుస్తకంలోనే వాటిని ఉంచడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చోటు మారింది గాని గుండెలో బరువు తగ్గలేదు...

ఆమె కొడుకు సంజీవరావు మార్కాపురం పలకల గనిలో మేస్త్రీ. భార్య సామ్రాజ్యాన్నీ, ఐదేళ్ల కూతురు దీనమ్మనూ వదిలేసి రెండేళ్లయింది. మనోవర్తి ఇప్పించమని సామ్రాజ్యం కచ్చేరీలో అర్జీ పెట్టుకుంటే, దినకూలివాణ్ణి, నా దగ్గరేముందన్నాడు. అతనికి భూమి ఉందని ఆమె విన్నది గాని ఏ ఊళ్లోనో తెలియదు. ఊరు తెలియందే ఏ కరణం లెక్కలు తెప్పించమంటావని మేజిస్ట్రేటు అడిగాడు. అప్పుడు సాక్ష్యానికి నిలబడింది భాగ్యమ్మే. కొడుక్కు సెంటు భూమి లేదని, కన్నతల్లి కదా, ప్రమాణం చేసి మరీ చెప్పింది! సోమవారం వాయిదాకు రుజువు తేకపోతే అర్జీ కొట్టేస్తామన్నారు.

నిజానికి అతనికి హనుమంతునిపాడు దగ్గర ఆరెకరాల మెట్ట ఉంది. ఎవరికీ తెలియకూడదనే అంత దూరాన కొన్నాడు.

"ఆ రసీదులు కాల్చేయమంటి గదా?" అని శుక్రవారం గని నుంచి ఇంటికొచ్చిన సంజీవరావు గొంతు తగ్గించి కసిరాడు.

"శిస్తు కట్టిన కాగితం కాలుస్తారా నాయనా? రేపు ఎవడైనా భూమి నీది కాదంటే ఏం చూపిస్తావు?"

"అయితే ఎవరి కంటా పడనీకు. నీకు కూడు పెట్టేది నేను, అది కాదు."

ఆ మాట నిజమే. భాగ్యమ్మ ఉప్పు కుండను ఇంకా మూలకు జరిపింది.

మరునాడు చర్చి పనులు చూసే పాపమ్మకు జ్వరమొచ్చింది. వంటకు పోసిన బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి దేవునికి పక్కన పెట్టడం అక్కడి క్రైస్తవుల ఇళ్లలో వాడుక. శనివారం శనివారం వాటిని పోగుచేసేది పాపమ్మ. ఆ వారం పాలెం వైపు నువ్వు పోయి రమ్మని పాస్టరుగారు భాగ్యమ్మకు సంచి ఇచ్చారు. కాదనలేకపోయింది. ఆ పాలెంలోనే సామ్రాజ్యం కాపురం!

కోడలి గుమ్మం ముందు సంచి పట్టుకుని నిలబడింది. సామ్రాజ్యం తిట్టలేదు, తలుపూ వేయలేదు. మూలనున్న చిన్న ముంత తెచ్చి సంచిలో ఒంపింది. రెండు గుప్పెళ్లు కూడా లేవు. వారమంతా పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో ఆ ముంతే చెప్పింది.

"జేజీ, అవి తీసకపోతే మాకు ఈ పూటకు లేవు" అంది దీనమ్మ నాయనమ్మతో.

"అట్ల అనకూడదు పాపా. అవి దేవునివి" అంది సామ్రాజ్యం. అత్త మొహం చూడలేదు.

భాగ్యమ్మ ఇల్లు చేరి సంచి ముందు పెట్టుకుని ఏడ్చింది. తిండి లేని ఇంట్లో దేవుని భాగం ముట్టలేదు కోడలు... తిండి ఉన్న ఇంట్లో కూర్చుని మనవరాలి భాగం తాను దాచింది! ఈ పాపం ఎవరి ముందు కడుక్కోవాలి?

సోమవారం కచ్చేరీలో, పిలవకుండానే లేచి మూడు రసీదులు బల్ల మీద పెట్టింది.

"ఊరు, సర్వే నంబరు అన్నీ దీంట్లో ఉండాయయ్యా. ఆ దినం అబద్ధం చెప్పినా. ఏ శిక్ష ఏసినా పడతా."

ముసలిదని మందలించి వదిలేశారు. ఊరి లెక్కలు తెప్పించి చూస్తే పట్టా సంజీవరావుదే. తర్వాతి వాయిదా రోజున నెలకు నాలుగు రూపాయలు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే పంట జప్తు చేస్తామనీ తీర్పు వచ్చింది.

"ఇంక నా గడప తొక్కొద్దు" అని వెళ్లిపోయాడు కొడుకు.

కన్నకొడుకును పట్టిచ్చానన్న బాధ ఒక పక్క, ఇంత ఆలస్యం చేశానన్న బాధ ఒక పక్క. ఎటు పోవాలో తెలియక పొద్దు వాలేదాకా తిరిగి, చివరికి పాలెం చేరింది. సామ్రాజ్యం పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"జేజీ, సంచి తెచ్చుకోలేదే?" అని అడిగింది దీనమ్మ.

"లేదు తల్లీ. ఈ పూట దేవుని కోసం రాలేదు. నా కోసం అడుక్కోను వచ్చినా" అంది భాగ్యమ్మ, గుమ్మం బయటే నిలబడి.

సామ్రాజ్యం చేటలోని బియ్యంలోంచి పిడికెడు తీసి ముంతలో వేసింది. మిగిలినవి ఎసట్లో పోసింది. అత్త మొహం ఒకసారి చూసి, లేచి, కుండలోంచి ఇంకో పిడికెడు తెచ్చి ఎసట్లో వేసింది.