జయరావు పెట్టని పేరు

2004 మార్చి 9, ఉదయం పదకొండు ఇరవైకి చిలకలూరిపేట హైవే పక్కన టీ బంకు దగ్గర శివనాగరాజు చనిపోయాడు. టీలో విషం కలిసింది. మిర్చి వ్యాపారిగా తిరుగుతున్న అతను ఇంటెలిజెన్స్ ఏజెంటు. ప్రాణం పోయేలోపు సెల్‌ఫోనులో తన చీఫ్‌కు ఒక్క మాట చెప్పగలిగాడు: "గుర్తు కంప్యూటర్లో ఉంది."

ఆ మధ్యాహ్నమే ఒంగోలు గెస్ట్‌హౌస్‌లో చీఫ్ వెంకటనారాయణ ఏజెంట్ త్రినాథ్‌ను కూర్చోబెట్టాడు.

"ముఠా పేరు స్కార్లెట్. వెనక ఉన్నది మనతో పోటీపడే విదేశీ మిర్చి వ్యాపారులు. పేట దగ్గర కోల్డ్ స్టోరేజీలో కొన్ని లాట్లకు నిషేధించిన రంగు కలిపారు. రేపు అవి ఓడకు బయల్దేరతాయి. అవతలి రేవులో టెస్టు చేస్తారు. ఆ తర్వాత గుంటూరు మిర్చిని ఎవడూ ముట్టుకోడు. ఈ ఏడు పంట యార్డులోనే కుళ్లిపోద్ది."

"లోడింగ్ మొత్తం ఆపేస్తే సార్?"

"ముఠా జారుకుంటుంది. రంగు లాట్లు ఏవో తెలియాలి. లోపల మనమ్మాయి ఉంది. శ్రీరమ్య, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. 'కాయ ఎండిందా' అని అడుగు. 'తొడిమ తీయాలి' అంటుంది."

చీఫ్ రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి సిగరెట్ లైటర్, దాని అడుగున పెన్‌డ్రైవ్. రెండోది చిన్న సీసా. అందులో ముంచితే రంగు కలిపిన కాయ ఎరుపు వదులుతుంది.

మర్నాడు త్రినాథ్ యాంటీవైరస్ ఇంజనీరు వేషంలో స్టోరేజీకి వెళ్లాడు. కంప్యూటర్ గదిలో కీబోర్డు మీటల మధ్య మిరప గింజలు ఇరుక్కుని ఉన్నాయి. మౌస్‌కు పెసరట్టు నూనె అంటుకుంది. చెత్తబుట్టలో ఏరి పారేసిన తాలు మిరపకాయలు నిండి ఉన్నాయి. లైటర్ పట్టుకుని సీపీయూ వెనక వెతికాడు. యూఎస్‌బీ సాకెట్ లేదు.

"ఫ్లాపీ ఉందాండీ?" అన్నాడు ప్రోగ్రామర్ జయరావు.

పక్క కుర్చీలో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆమె గోళ్ల రంగు చూసుకుంటోంది.

"కాయ ఎండిందా?"

"తొడిమ తీయాలి." శ్రీరమ్య గొంతు తగ్గించింది. "ALLUDU2 ఫీల్డు చూడండి. అందులో 'వై' అని ఉన్న లాట్లన్నీ రంగువే."

త్రినాథ్ నాలుగేళ్లు ప్రోగ్రామర్‌గా చేసి సర్వీసులోకి వచ్చాడు. లాట్ల టేబుల్ తెరిచాడు. ఫీల్డుల పేర్లు వరసగా కనిపించాయి: TEMP, TEMP1, ASALUDI, ALLUDU1, ALLUDU2, KOTHADI.

"ఈ ALLUDU ఏంటండీ?"

"ఓనరుగారి అల్లుడు అడిగితే పెట్టానండి. ఎవరడిగితే వాళ్ల పేరే. రేపు తగాదా వస్తే ఎవరడిగారో తెలియాలిగా?"

"KOTHADI?"

"అది పాతదండి."

"తీసేయొచ్చుగా?"

"తీస్తే ఏం కూలుద్దో ఎవరికి తెలుసండీ?"

"థూ!" అంది శ్రీరమ్య. "ముందు టేబుల్ పేరు, తర్వాత డేటా రకం, తర్వాత అర్థం. మూడు ముక్కలు. అది కూడా చేతకాకపోతే ఎందుకయ్యా ఈ ఉద్యోగం?"

"మీకు మూడు ముక్కలమ్మా. నాకు ముగ్గురు ఓనర్లు."

త్రినాథ్ ALLUDU2లో వై ఉన్న లాట్లు రాసుకుని ఛాంబర్లోకి వెళ్లాడు. కాయలు తీసి సీసాలో ముంచాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అవి అల్లుడి బంధువుల లాట్లని హమాలీలు చెప్పారు.

తిరిగి వచ్చేసరికి శ్రీరమ్య కుర్చీ ఖాళీగా ఉంది. బయట లారీలు కాటా మీదికి ఎక్కుతున్నాయి. త్రినాథ్ టేబుల్‌ను చివరిదాకా చూశాడు. అట్టడుగున ఒక ఫీల్డు ఉంది: LOT_L_MARK. టేబుల్ పేరు, అవును-కాదు రకానికి ఒక అక్షరం, చివర 'గుర్తు' అనే అర్థం. ఆ గదిలో పొద్దుటినుంచి అతను చూసిన శుభ్రమైన వస్తువు అదొక్కటే.

"జయరావు గారూ, ఇది ఎవరడిగారు?"

జయరావు స్క్రీను మీదికి వంగాడు. "ఇది నాది కాదండి. నేనిట్టా పెట్టను."

త్రినాథ్ ఆ గుర్తున్న లాట్లలో మొదటిదాని శాంపిల్ కాయ తెప్పించి ముంచాడు. సీసా ఎర్రబడింది. లాట్ నంబర్లు చెప్పడానికి ఫోను తీశాడు.

"కింద పెట్టు." గుమ్మంలో శ్రీరమ్య. చేతిలో పిస్తోలు. "లారీలు గేటు దాటాక మాట్లాడుకుందాం."

"శివనాగరాజుకు టీ పోయించింది నువ్వేనా?"

"రెండు వైపులా జీతం తీసుకున్నప్పుడు ఒకవైపు పని చేయాలిగా."

త్రినాథ్ ఫోను కింద పెడుతూ, రెండో చేత్తో లైటర్ వెలిగించి చెత్తబుట్టలో పడేశాడు. తాలు కాయలు అంటుకున్నాయి. మిర్చి పొగకు శ్రీరమ్య గొంతు పట్టేసింది. దగ్గుతూ మోకాళ్ల మీద పడింది. పిస్తోలు జారింది. త్రినాథ్ పరిస్థితీ అంతే. ఆ గదిలో పదేళ్లుగా కూర్చుంటున్న జయరావు ఒక్కసారి తుమ్మి, పిస్తోలు తీశాడు.

"ఇది ఎక్కడ పెట్టమంటారండీ?"

చివరి లారీ కాటా దిగుతుండగా త్రినాథ్ ఫోనులో చీఫ్‌కు నంబర్లన్నీ చెప్పాడు. బయట కాపున్న పోలీసులు గేటు మూశారు.

"ALLUDU3 అని పెట్టి ఉంటే దొరికేదానివి కాదు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"నా చేత్తో అట్లా రాయలేను," అంది శ్రీరమ్య.

రంగు లాట్లన్నీ లారీల నుంచి దింపారు. శ్రీరమ్యను రిమాండుకు పంపారు. టీ పోసినవాడు దొరకలేదు. సీపీయూను పోలీసులు సీలు చేసి పట్టుకెళ్లారు. స్టోరేజీలో ఉన్న కాపీలోంచి ఆ ఫీల్డు తీసేయమని త్రినాథ్ జయరావుకు చెప్పి వెళ్లాడు. ఏం కూలుతుందోనని జయరావు తీయలేదు. పేరు మాత్రం మార్చాడు: CID1.