సక్కుబాయి చూసుకున్న సాయంత్రం

పొద్దున్నే తుక్కుగూడ నుంచి వచ్చిన సక్కుబాయి చెప్పులు విప్పకముందే పుట్టినిల్లంతా ఓసారి కలియజూసింది. అంట్లు తోమలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి చెన్నయ్య గడ్డం మాసి ఉంది. తమ్ముడు పాండు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే డ్యూటీకి చీకటితోనే వెళ్లిపోయాడు. మరదలు భాగ్యలక్ష్మి కూతురు అఖిలకు జడ వేస్తోంది.

"బడి విడిచినంక పిల్ల యాడికి పోతది?" తెలిసే అడిగింది సక్కుబాయి.

"పక్క గల్లీల తస్నీమ్ టీచర్ ఇంటికి వదినె. చదివిపిస్తది, ఆడిపిస్తది. పొద్దుగూకినంక నేను పోయి తీస్కొస్త."

సక్కుబాయి మూతి తిప్పింది. "నౌకరీ చేసెటోళ్లు పంపిండ్రంటే అర్థముంది. నువ్వేమన్న కలెక్టరువా? ఇంట్ల కూసున్న తల్లికి కన్నబిడ్డ బరువైందా?"

భాగ్యలక్ష్మి పిల్లను బడికి పంపి, మామకు జావ తాగించి, పక్కబట్టలు మార్చి, వాటిని ఉతకడానికి కూర్చుంది. మాట పట్టించుకోనట్టు పనిలో పడడం సక్కుబాయికి పొగరులా కనిపించింది. తను పొలం పనులు చేస్తూనే ముగ్గురు పిల్లల్ని పెంచలేదా? అప్పుడు ఇంట్లో అత్త, తోడికోడలు కూడా ఉన్నారన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

"ఇయ్యాల మీ అమ్మగారింటికి పోయిరా. ఇద్దర్ని నేను చూసుకుంట. గీ మాత్రం పనికి టీచర్లు కావాల్నా?"

"సాయంత్రమైతే మామ జర పరేషాన్ చేస్తడు వదినె..."

"మా బాపు గురించి నాకు చెప్తున్నవా?"

భాగ్యలక్ష్మి మైలార్‌దేవ్‌పల్లి బస్సెక్కింది.

బడి వదిలే వేళకు సక్కుబాయి తస్నీమ్ గేటు దగ్గర కాపు కాసి, పిల్ల చెయ్యి పట్టుకుంది. "మా పిల్లకు ఇల్లున్నది. మీ షోకులు మాకొద్దు."

"మంచిదక్కా," అంది తస్నీమ్. "భాగ్యక్క పానం మంచిగ లేని నాడన్న పంపుండ్రి."

"దానికేమైంది? దుక్క లెక్క గట్టిగుంది."

తస్నీమ్ అఖిల తల నిమిరి గేటు వేసింది.

వెలుగు తగ్గుతుండగా చెన్నయ్య అరవడం మొదలుపెట్టాడు. కూతుర్ని పట్టుకుని, ఎప్పుడో చచ్చిపోయిన భార్య పేరుతో పిలిచాడు. నోట్లో పెట్టిన అన్నం మీద ఉమ్మాడు. పక్కబట్టలు మారిస్తే మళ్లీ తడిపాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అవి దించి వచ్చి, మంచం మీద వంగి మూతి తుడుస్తుంటే, ఆడుతున్న ఆ ఒక్క చేత్తో తండ్రి ఆమె దవడ మీద కొట్టాడు. అదే సమయానికి అఖిల కొంగు పట్టి లాగింది.

"అత్తా, టీచర్ దగ్గరికి పోత."

సక్కుబాయి చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బ చెంప మీద పడింది.

పిల్ల ఏడవలేదు. అలవాటైనట్టు తలుపు వెనక్కి పోయి నిలబడింది. 

"అమ్మ గూడ ముందుగాల గిట్లనే కొట్టేది," అంది అఖిల మెల్లగా. "కొట్టి, తలుపేసుకొని ఏడ్చేది. నేను టీచర్ దగ్గరికి పోవట్టినంక కొడ్తలేదు."

సక్కుబాయి కిందనే కూలబడిపోయింది.

భాగ్యలక్ష్మి తిరిగొచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. కూతురి చెంప మీది వేళ్ల గుర్తులు చూసి, భాగ్యలక్ష్మి వదిన వైపు తిరిగింది. పొద్దున తను మరదల్ని చూసిన చూపే ఇప్పుడు తన మీద పడుతుందని సక్కుబాయి తల వంచుకుంది. భాగ్యలక్ష్మి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"మామను నేను చూస్త. నువ్వు ఇంత తిను వదినె."

"గింత గోస పడుతున్నవు. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నవ్వుతరని."

సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు ఆమె ఊరికి వెళ్లలేదు. సాయంత్రం అఖిలను తస్నీమ్ ఇంటికి తనే తీసుకెళ్లింది. టీచర్ ముఖంలోకి చూడలేక గేటు వైపు చూస్తూ చెప్పింది.

"ఇయ్యాల జర ఆలస్యంగ వచ్చి తీస్కపోత. వాళ్లమ్మ పండుకుంది. లేపొద్దనుకున్న."