హెడ్‌లైట్‌లో ఊపిరి

మా ఇంటి ముందున్న రేకుల పందిరే నా వర్క్‌షాపు. కారు హెడ్‌లైట్లు పాతబడి మసకేస్తే సూర్యాపేటలో చాలామంది కొత్తవి కొనేస్తారు. నేను మాత్రం ఆ పాతవాటినే విప్పి, అద్దం మెరుగుపెట్టి, లోపల రంగు వేసి, మళ్ళీ మూసి ఇస్తాను. డిగ్రీ చదువుతూ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న పని ఇది. ఎంత వేడికి జిగురు మెత్తబడుతుందో, ఎంత దాటితే ప్లాస్టిక్ వంకరపోతుందో నాకు ఎక్కాల్లా నోటికొచ్చు.

ఆ రోజు పందిరి కింద పెద్దులన్న టాక్సీ ఉంది. ఆయనది మునగాల. కోదాడలో పెళ్ళివాళ్ళు కిరాయికి మాట్లాడుకున్నారట, పొద్దుగూకేలోపు బండి కావాలని పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాడు.

"లోపలంత నల్లగ కొట్టు కవితా. నా బండి కండ్లకు కాటుక పెట్టినట్టుండాలె."

"పెట్టేది నేనే గదన్నా. నువ్వు జర జరుగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్."

లైటును అట్టపెట్టెలో పెట్టి వేడిగాలి పట్టిస్తే జిగురు బెల్లం పాకంలా సాగుతుంది. అప్పుడు అంచు వెంట స్క్రూడ్రైవర్ నడిపితే ముందరి అద్దం ఊడి చేతిలోకి వస్తుంది. రంగు వేసి, ఆరాక, కొత్త జిగురుతో మూసేయాలి. ఎక్కడైనా సందు మిగిలితే వానాకాలంలో లోపల ఆవిరి పడుతుంది. అందుకే అంచంతా సబ్బు నురగ రాసి, వెనకున్న సన్న గొట్టంలోంచి సైకిల్ పంపుతో గాలి కొట్టి చూస్తాను. బుడగ లేస్తే అక్కడ సందు ఉన్నట్టు.

ఎడమ లైటు బాగానే అయింది. కుడిదానికి వచ్చేసరికి పంపు మొరాయించింది.

"ఇటియ్యి, నేనూదుత," అన్నాడు నాయిన.

మా నాయిన మంగయ్య మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసి మోసి ఇంటికి చేరినవాడు. ఊక దుమ్ము ఛాతీలో పేరుకుపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం.

"వద్దు నాయినా. నీకు దమ్మొస్తది."

"గీ డబ్బల గాలి ఊదనీకి గూడ శాతగాదా నాకు?"

అప్పుడే నాయినమ్మ ముత్తమ్మ గడప దగ్గర సందెదీపం పెడుతోంది. అక్కణ్ణుంచే అరిచింది. "దీపంల నోటితోని ఊదద్దురా మంగయ్యా!"

"ఇది దీపం గాదే అవ్వా. కారు లైటు."

"ఎలుగిచ్చేదేదైనా దీపమేరా."

నాయిన నవ్వాడు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. అంతసేపు ఆయన దగ్గకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క బుడగా లేవలేదు. గొట్టం తీయగానే దాని మూతికి రబ్బరు టోపీ తొడిగేశాను.

లైటు బండికి బిగించాక అద్దం మీద చిన్న మసక కనిపించింది. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత. లోపలి వైపు. తుడిస్తే పోయేది కాదు. చూస్తుండగానే దానంతటదే కరిగిపోయింది. మళ్ళీ వచ్చింది.

వేడికి ఆరిపోతుందిలే అనుకున్నాను. సన్నగా వాన మొదలైంది. పెద్దులన్న బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి నాయిన మంచం మీద పడుకుని ఉన్నాడు. రోజూ ఆ గదిలోకి అడుగుపెడితే ముందు వినిపించేది ఆయన గురక. పిల్లికూత లాంటి శబ్దం.

ఆ రోజు ఏ శబ్దమూ లేదు.

పిలిచాను. పలకలేదు. ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఛాతీ మీద చెయ్యి పెట్టాను... కదలడం లేదు. కేక వేశాను. నాయినమ్మ స్టీలు పళ్ళెం తెచ్చి ముక్కు దగ్గర పట్టింది. ఆవిరి పట్టలేదు. పళ్ళెం తళతళా మెరుస్తూనే ఉంది.

108కి ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు.

అంతలో నాయిన పెదవులు కదిలాయి. ఊపిరి లేకుండానే.

"గట్టు... గట్టు దాటినం..."

సూర్యాపేట నుంచి కోదాడ వైపు వెళ్తుంటే ముందు వచ్చేది పెద్దగట్టే.

నాయినమ్మ నా మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "వాడు ఊదిన ఆ దీపం యాడున్నదే?"

నాకు అద్దం మీది మసక గుర్తొచ్చింది. రావడం... కరగడం... మళ్ళీ రావడం. మెల్లగా. నిద్రపోయేవాడి ఊపిరిలా.

"ఉరుకు బిడ్డా. వాని పానం రోడ్డు మీద పోతున్నది."

పెద్దులన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాయినమ్మ ఫోన్ లైన్లోనే ఉంచి స్కూటీ తీశాను. ఆయన ఎనభైలో పోతాడు. నా బండి అరవై దాటదు. ఎలా లెక్క వేసినా దూరం పెరిగేదే కానీ తగ్గేది కాదు, ఆయన ఎక్కడో ఒకచోట ఆగితే తప్ప. హైవే మీద లారీల టైర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. తడి మట్టి వాసన, డీజిల్ వాసన.

హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్‌లోంచి నాయినమ్మ గొంతు.

"ముంగట లారీ ఉన్నదంటుండు..."

"ఇంకేమంటుండు?"

"గొర్ల మంద అడ్డమొచ్చిందంట... నిలవడ్డరంట..."

ఆ మంద నాకూ ఎదురైంది. తడిసిన గొర్రెలు రోడ్డు దిగుతున్నాయి. అంటే దగ్గరపడ్డాను.

"కవితా... ఎర్ర బల్బులంటుండు... ఇగ మలిగినయంటుండు..."

"ఏంది మలిగినయి?"

"సీకటంటుండు. అంత సీకటంటుండు బిడ్డా... అయ్యో, పెదవులు ఆగినయే!"

పెద్దులన్న ఎక్కడో బండి ఆపి లైట్లు ఆర్పేశాడు. ఎర్ర బల్బులు... మునగాల దగ్గరి దాబాల్లో ఒకదానికి ఎర్ర బల్బుల తోరణం ఉంటుంది. యాక్సిలరేటర్ మొత్తం తిప్పేశాను. ఫోన్‌లో నాయినమ్మ ఏడుపు తప్ప ఏమీ వినిపించడం లేదు. 108 ఇంకా రాలేదు.

దాబా ముందు మట్టిలోకి దిగుతుండగా చీకట్లోంచి రెండు లైట్లు ఒక్కసారిగా వెలిగి నా మొహాన పడ్డాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. బండి అడ్డంగా పెట్టి, స్టాండ్ వేసి ఉరికాను.

పెద్దులన్న తల బయట పెట్టాడు. "ఏందే, సావనీకొచ్చినవా? చాయ తాగి ఇప్పుడే కదిలిన..."

"లైట్లు ఆర్పకన్నా! దండం పెడ్త, ఆర్పకు! బానెట్ తియ్యి!"

ఆయన ఏం అనుకున్నాడో, వెంటనే తీశాడు. కుడి లైటు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మసక ఉంది. రూపాయి బిళ్ళంత లేదు. కందిగింజంత. అదీ వణుకుతోంది. కరిగింది... రాలేదు. ఇంకా రాలేదు...

లేచి బానెట్ కిందికి చెయ్యి పోనిచ్చాను. వేడి ఇనుము చర్మాన్ని కాల్చింది. వేళ్ళకు గొట్టం తగిలింది. టోపీ జారుతోంది. గోరుతో గిల్లి లాగాను.

బుస్సుమంది.

వెచ్చటి గాలి నా చెంపను తాకి పోయింది. అందులో ఊక వాసన.

నేను అక్కడే బురదలో కూలబడ్డాను. హెల్మెట్‌లోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. ముందు దగ్గు వినిపించింది. తెగని దగ్గు. పిల్లికూత. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు.

"లేసిండే! మంచినీళ్ళు అడుగుతుండు!" నాయినమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.

"ఏమైందే?" అంటున్నాడు పెద్దులన్న, నా మీద గొడుగు పట్టి. "ఆ టోపీ మల్ల పెట్టాల్నా వద్దా?"

"వద్దన్నా. ఉండనీ."

నాయిన ఫోన్ తీసుకున్నాడు. గొంతు నీరసంగా ఉంది, కానీ ఆయనదే.

"భయపడ్డవా బిడ్డా?"

"భయపడకుంట ఎట్లుంట నాయినా?"

"నిన్ను సూసిన. సీకటి తెల్లారినట్టయింది. ఎదురుంగ నువ్వే అవుపడ్డవ్, బండి మీద. తడిసి ముద్దయినవ్." కాసేపు దగ్గాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు, పక్కనున్న నాయినమ్మకు వినపడకూడదన్నట్టు. "గని... నీ ఎనక కూసున్నదెవరే?"

"ఎవలు లేరు నాయినా. నేనొక్కదాన్నే వచ్చిన."

అవతల పిల్లికూత వినిపిస్తోంది.

"లేదు బిడ్డా. నీ నడుం పట్టుకొని కూసున్నది. నువ్వు దిగినవ్. అది దిగలే."

మెల్లగా తల తిప్పాను.

హెడ్‌లైట్ల వెలుగులో నా స్కూటీ నేను నిలిపిన చోటే ఉంది. వాన దాని మీద సూటిగా కురుస్తోంది. నేను లేచి వచ్చిన చోట సీటు మీద నీళ్ళు మడుగు కట్టి మెరుస్తున్నాయి.

నా వెనకాల చోటు మాత్రం పొడిగా ఉంది.