పదకొండు లోపాల గిటారు

“దీన్ని బాగు చేయించుకునే కంటే గోడకి బిగించి గొడుగులు తగిలించుకోండి. అదైనా పనికొస్తుంది.”

మాట నోరు జారాక చిన్న మేస్త్రి నాలిక కరుచుకుంది. కానీ తప్పు పూర్తిగా ఆమెది కాదు. బల్ల మీదున్న బేస్ గిటారు అలాంటిది. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట, ఇప్పుడు దానిది ఏ రంగో తేల్చాలంటే నలుగురిని పిలిచి పంచాయితీ పెట్టాలి. నాలుగు లావుపాటి తీగల్నీ పట్టుకుని ఉండే బ్రిడ్జి తుప్పుతో బిగుసుకుపోయింది. శబ్దాన్ని అందుకునే పికప్ ఒక పక్కకి ఒరిగి కునుకుతోంది. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో ఏడోది లేచిపోయి వేలికి గీసుకుంటోంది. వాయిద్యాల రిపేరు షాపులో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. తండ్రిని వీధంతా పెద్ద మేస్త్రి అంటే, ఆమెని చిన్న మేస్త్రి అంటారు. ఇన్నేళ్ళలో ఇంత దిక్కుమాలిన గిటారు ఆ షాపు గడప తొక్కలేదు.

“వైరు గుచ్చే జాక్ ఒక్కటే లూజైందండీ,” అన్నాడు దాని సొంతదారు, కోపం మింగుకుంటూ. “అది బిగించండి చాలు. మిగతాదంతా నాకు అలవాటే.”

“అలవాటా? దీనికా?”

“ఏడేళ్ళు.”

“అయ్యో పాపం! ఎవరండీ మీకిది అంటగట్టింది?”

“ఎవరూ అంటగట్టలేదు. మొదటి జీతంతో నేనే కొనుక్కున్నాను. ఇలాంటిది మళ్ళీ ఎక్కడా దొరకదని చెప్పాడు అమ్మినాయన.”

“నిజమే చెప్పాడు.”

అతను నవ్వకూడదనుకున్నాడు. కుదరలేదు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. చిన్న మేస్త్రి అది చూడనట్టు జాక్ మీదకి వంగింది.

ఐదు నిమిషాల పని. బిగించాక, వైరు తగిలించి ఒకసారి వాయించి చూసుకోమంది. అతను స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు కిందికి దించాడు.

తర్వాత ఏం జరిగిందో ఆమెకి చాలా రోజుల వరకు సరిగ్గా చెప్పడం చేతకాలేదు. ముందు బల్ల మీది స్క్రూల డబ్బా సన్నగా వణికింది. తర్వాత ఆ వణుకు ఆమె అరచేతుల్లోకి వచ్చింది. ఒక్కో స్వరమూ నిండుగా, నిదానంగా, ఎక్కడ నిలవాలో అక్కడే నిలుస్తూ షాపంతా పరుచుకుంది. లోపలి గదిలో ఏదో అరగదీస్తున్న పెద్ద మేస్త్రి చేతిలో పని ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే గాల్లో ఉండిపోయింది.

ఈ చెత్తలోంచా? ఇంత గొప్పగానా?

“ఎలా ఉంది?” అన్నాడతను.

“జాక్ బాగానే ఉంది,” అంది ఆమె. అప్పుడుగానీ స్క్రూడ్రైవర్ కిందికి దించలేదు.

పెద్ద మేస్త్రికి ఒక అలవాటుంది. వచ్చే వాళ్ళకి వాళ్ళ వాయిద్యం జబ్బుని బట్టి పేరు పెడతాడు. దగ్గే హార్మోనియం తెచ్చేవాడు దగ్గు మాస్టారు. ఆ లెక్కన ఇతను ఆ రోజు నుంచి తుప్పబ్బాయి అయ్యాడు. పేరు పెట్టాక తుప్పబ్బాయి ప్రతి శనివారం తగలడం మొదలుపెట్టాడు. ఒక వారం బెల్టు ఊడింది. ఇంకో వారం శబ్దం పెంచే గుండీ తిరగడం లేదు. మరో వారం ఏమీ లేదు, అయినా వచ్చాడు.

“ఊరందరి లిఫ్టులూ బాగు చేసే మెకానిక్ మీరు. సొంత గిటారుకి ఒక స్క్రూ బిగించుకోలేరా?” అని నిలదీసింది చిన్న మేస్త్రి ఒకసారి.

“లిఫ్టుల కంపెనీలో తిట్టేవాళ్ళు లేరండీ. ఇక్కడైతే కడుపునిండా తిడతారు.”

“తిట్లు తినడానికి వస్తున్నారా?”

“తుప్పబ్బాయి అని పిలిపించుకోవడానికి కూడా వస్తున్నాను. నాకు తెలీదనుకున్నారా?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. లోపల్నుంచి పెద్ద మేస్త్రి గట్టిగా దగ్గాడు.

ఒక బుధవారం మాత్రం అతను ఆయాసపడుతూ వచ్చాడు. వానలో సగం తడిసి ఉన్నాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది. మ్యూజిక్ మేడమ్ పిలిచారట. ఎన్నో పాటలు కట్టిన పెద్దావిడ. శుక్రవారం పదకొండింటికి రికార్డింగు. ఆవిడకి నచ్చితే ఆవిడ బృందంలో శాశ్వతంగా చోటు.

“ఏడేళ్ళుగా ఈ ఒక్క పిలుపు కోసం చూస్తున్నానండీ. జాక్ మళ్ళీ లూజైంది. రేపు సాయంత్రానికి కావాలి. జాక్ ఒక్కటే, సరేనా?”

“సరే,” అంది చిన్న మేస్త్రి.

అడిగింది చెయ్యి, అడగనిది ముట్టుకోకు. ఇది పెద్ద మేస్త్రి షాపులో మొదటి రూలు. ఆ రోజు పెద్ద మేస్త్రి చెల్లెలి ఇంటికి వెళ్ళాడు, మర్నాటి దాకా రాడు. గిటారు బల్ల మీద ఉంది. ఆమె మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ఇంత దరిద్రపు గిటారు మీదే అలా వాయించే మనిషి, చక్కగా ఉన్నదాని మీద ఇంకెలా వాయిస్తాడు? శుక్రవారం ఆ మేడమ్ అది వినాలి కదా?

ముందు లోపాలన్నీ కొలిచి చీటీ మీద రాసుకుంది. ఏ స్వరం ఎంత కిందికి తప్పుతోంది, పికప్ ఎంత ఒరిగింది, ఏ మెట్టు ఎంత లేచింది. పదకొండు తేలాయి. తర్వాత ఒక్కొక్కటే సరిచేసింది. తుప్పు వదలగొట్టింది, పికప్ నిలబెట్టింది, మెట్టు దిగ్గొట్టింది, పాత తీగలు విప్పి కవర్లో పెట్టి కొత్తవి వేసింది. గురువారం మధ్యాహ్నానికి ఆ గిటారులో వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆమెకి తన పని చూసుకుంటే తనకే ముచ్చటేసింది.

నాలుగింటికి అతను వచ్చాడు. చూశాడు. కొత్త తీగల్ని వేలితో నిమిరాడు.

“వాయించండి,” అంది ఆమె, స్టూలు ముందుకి జరుపుతూ.

వాయించాడు. మొదటి స్వరానికే ఆమె ముఖంలో నవ్వు చచ్చిపోయింది. శ్రుతి లేదు. రెండోది ఇంకా ఘోరం. ఒక తీగ గావుకేక పెడితే ఇంకోటి వినపడనే లేదు. అతను ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపాడు. తిడతాడేమో అనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

“మీ తప్పేం లేదండీ,” అన్నాడు నెమ్మదిగా. “మంచి గిటారు ఎప్పుడు పట్టుకున్నా నాకింతే. స్నేహితులవి రెండు మూడుసార్లు వాయించాను. ఇదే గోల. నాకు నిజంగా వాయించడం రాదు. ఇన్నాళ్ళూ ఈ చెత్త గిటారు చాటున దాక్కున్నాను, ఇవాళ నా బండారం బయటపడింది.” జేబులోంచి ఫోను తీశాడు. “మేడమ్‌కి రానని చెప్పేస్తాను.”

“ఆగండి!”

ఆమె అరిచిన అరుపుకి ఫోను జారినంత పనైంది. ఏం చెయ్యాలో ఆమెకీ తెలీదు. కానీ పాడైనదేదైనా కొలిచి చూడకుండా వదిలే అలవాటు లేదు. శ్రుతి చూపించే మీటరు తెచ్చి తగిలించింది.

“పన్నెండో మెట్టు నొక్కండి. మీరు మామూలుగా నొక్కినట్టే.”

మీటరు ముల్లు కుడివైపు, అంటే శ్రుతికి పైన, తొమ్మిదో గీత మీద నిలబడింది. ఆమె చీటీ తీసి చూసింది. నిన్న అదే స్వరం ఎడమవైపు, కిందికి, తొమ్మిది గీతలు తప్పింది.

“పదోది.”

కుడికి ఆరు. చీటీలో ఎడమకి ఆరు.

“నాలుగో తీగ మీటండి. ఇప్పుడు మొదటిది.”

నిన్నటిదాకా పికప్ అందుకోలేక మూగబోయిన తీగని అతని వేలు ఎంత బలంగా మీటాలో అంత బలంగా మీటుతోంది. నిన్నటిదాకా అరిచిన తీగని అంత మెత్తగా తాకుతోంది. ఒక్కొక్కటీ చీటీతో సరిచూస్తుంటే ఆమె ఒళ్ళు గగుర్పొడిచింది. పదకొండింటిలో ఒక్కటి కూడా వెంట్రుకవాసి తప్పలేదు.

“ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?”

“మీకు వాయించడం రాకపోవడమా?” అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “గిటారు ఎంత కిందికి తప్పితే మీ వేలు తీగని అంత పైకి లాగుతోందండీ. చెవి చెప్పిందల్లా చెయ్యి నేర్చుకుంది. ఈ ఏడేళ్ళలో మీరు దీన్ని ఎప్పుడో బాగు చేసేసుకున్నారు, వేళ్ళతోనే. నేనే తెలివి తక్కువగా మళ్ళీ బాగు చేసి పాడు చేశాను.”

అతను తన ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చేతిని చూస్తున్నట్టు.

“నిజంగానా?”

“నా మీటరు అబద్ధం చెప్పదు. ఫోను లోపల పెట్టండి. ఏడింటికల్లా మీ గిటారు మళ్ళీ పాడు చేసిస్తాను.”

చెల్లెలి ఇంటి నుంచి సంచితో లోపలికొచ్చిన పెద్ద మేస్త్రికి కనపడిన దృశ్యం ఇది: కూతురు ఒక నున్నటి మెట్టుని చిన్న ఉలితో పైకి లేపుతోంది, పక్కన తుప్పబ్బాయి దీపం పట్టుకుని నిలబడ్డాడు.

“ఏం చేస్తున్నావే?”

“పాడు చేస్తున్నాను నాన్నా. అడగంది ముట్టుకున్నాను. తర్వాత తిట్టు, ముందు ఆ కళ్ళద్దాలు పెట్టుకుని ఇటు రా.”

చీటీ చదివి, మీటరు చూసి, పెద్ద మేస్త్రి సంచి ఓ మూల పడేశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు. “నలభై ఏళ్ళలో ఈ పని ఎవరూ అడగలేదమ్మా. పికప్ ఇంకో అర గీత ఒరగాలి. అంత చక్కగా ఉంటే ఎలా?”

మంచిని చెడగొట్టడం ఎంత కష్టమో చిన్న మేస్త్రికి ఆ సాయంత్రం తెలిసింది. ఒక గీత ఎక్కువైనా పనికిరాదు, తక్కువైనా పనికిరాదు. పదకొండూ పూర్తయ్యాక అతను వాయించి చూశాడు. శ్రుతి కలిసింది. కానీ ముఖం చిట్లించాడు.

“ఏదో తేడాగా ఉందండీ. ఇంకా కాస్త బాగుంది.”

“బాగుండడం కూడా తప్పేనా!” అని తల పట్టుకుని, మరుక్షణంలో గుర్తొచ్చి, కవర్లోంచి పాత తీగలు తీసింది. అవి వేశాక స్క్రూల డబ్బా మళ్ళీ సన్నగా వణికింది.

మర్నాడు రికార్డింగుకి ఆమె కూడా వెళ్ళింది, చేతిలో పనిముట్ల సంచితో, దారిలో ఏ లోపమైనా సర్దుకుపోయి బాగుపడుతుందేమోనన్న భయంతో. స్టూడియో అద్దం ఇవతల ఒక మూల కుర్చీలో కూర్చుంది. అవతల పదిమంది వాద్యగాళ్ళ మధ్య తుప్పబ్బాయి. అతను ఆమె వైపు ఒక్కసారి చూసి, కళ్ళు దించుకున్నాడు.

పాట మొదలైంది. ఆమెకి పాట వినపడలేదు, ఆ చెయ్యి ఒక్కటే కనపడింది. ఇప్పుడామెకి తెలుసు. ఆ వేళ్ళు కదిలిన ప్రతిచోటా ఒక తప్పు ఉంది, ఆ తప్పుని ఎవరికీ తెలియకుండా దిద్దుకుంటూ పోతున్నాయి. ఏడేళ్ళు ఒక మనిషి ఇంత ఓపికగా, తనకే తెలియకుండా, ఇంత గొప్ప పని ఎలా చేశాడు? ఇలాంటి మనిషి పక్కన కూర్చుని బతుకంతా వినాలని ఆమెకి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

పాట అయ్యాక మ్యూజిక్ మేడమ్ లేచి లోపలికి వెళ్ళింది. “ఏదయ్యా ఆ గిటారు, ఇలా ఇవ్వు,” అంది. ఒళ్ళో పెట్టుకుని రెండు స్వరాలు మీటింది. కర్ణకఠోరంగా ఉన్నాయి. ఇంకోటి మీటి, గిటారు పక్కన పెట్టి, అతని చేతుల వంక చూసింది. చాలాసేపు చూసింది.

“దీని మీదా నువ్వు వాయించింది?”

“అవునమ్మా.”

“సోమవారం నుంచి వచ్చెయ్. మా దగ్గర మంచి గిటారు ఉంది, ఇస్తాను.”

“ఏడాది టైమివ్వండమ్మా, దానికి.”

బయట మెట్ల మీదకి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. ఒకటే గొడుగు ఉంది, ఎవరూ తెరవలేదు.

“ఏడాది ఎందుకడిగారు?” అంది చిన్న మేస్త్రి.

“మీరు మళ్ళీ బాగు చేస్తారని. ఒకేసారి కాదు. నెలకొక లోపం. ఒకటి పోయాక దాన్ని నా వేళ్ళు మరిచిపోయేదాకా ఆగి, ఇంకోటి. పదకొండు లోపాలు, పదకొండు నెలలు.”

“మరి పన్నెండో నెల?”

“పన్నెండో నెలలో ఏ వంకా ఉండదు నాకు, మీ షాపుకి రావడానికి. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను.” అతను గిటారు బెల్టు భుజం మీదకి సర్దుకున్నాడు. “నా చేతుల్లో ఏముందో నాకే తెలీదు. మీరు చూశారు. నిన్న మీరు అలా చూస్తుంటే, నా జన్మలో నన్నెవరూ అలా చూడలేదు అనుకున్నాను. మీరంటే నాకు ప్రాణం అండీ. మొదటి రోజు గొడుగులు తగిలించుకోమన్నప్పటి నుంచీ.”

“అంత తిట్టినా?”

“అంత తిట్టినా.”

“నాకు మొదటి రోజు వాయించినప్పటి నుంచి,” అంది ఆమె. అని, గబుక్కున గొడుగు తెరిచి అతని చేతికిచ్చింది.

షాపుకి వచ్చేసరికి పెద్ద మేస్త్రి ఎవరిదో ఫిడేలుకి తీగలు కడుతున్నాడు. సంగతంతా విని సంతోషించాడు. నెలకొకటి చొప్పున బాగు చేయాలన్న మాట వినగానే మాత్రం చేతిలో పని ఆపేశాడు.

“పదకొండు నెలలా? మీకేమైనా మతిపోయిందా? వారానికొకటి చేస్తే మూడు నెలల్లో అయిపోయే పని!”

“నాన్నా!” అంది చిన్న మేస్త్రి.

ఆయన తలెత్తాడు. కూతురి ముఖం చూశాడు. గొడుగు ఇంకా మడవకుండా షాపు మధ్యలో పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూశాడు. కళ్ళద్దాలు తీసి నిదానంగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చీటీ చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి ఒకసారి చదివాడు.

“నిజమే,” అన్నాడు. “నేను సరిగ్గా చూళ్ళేదు. ఇది చాలా పెద్ద పని. ఒక జీవితకాలం పట్టేట్టుంది.”

అని, చీటీ కూతురి చేతిలో పెట్టి, ముగ్గురికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.