దూది చెప్పిన సాక్ష్యం

పట్టిసీమ రేవులో శ్యాంబాబు శవం తేలింది. నీళ్లు మింగి కాదు, తూటా మింగి పోయాడు. ఫైర్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంజనీరు. పోయేముందు ఇంటెలిజెన్స్ చీఫ్‌కి ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పగలిగాడు: "గోడ బోగస్ సార్."

రాజమండ్రి బ్రిడ్జి మీద, కదిలే కారులో బ్రీఫింగ్.

"మార్కస్ అనే విదేశీయుడు వాల్ ప్యానెల్స్ అమ్ముతాడు. పైకి సేల్స్, లోపల స్లీపర్ సెల్స్," అన్నాడు చీఫ్. "సముద్రం ఒడ్డున గ్యాస్ కంట్రోల్ రూమ్‌కి ఆ గోడలే కట్టేశారు. ఇవాళ ల్యాబ్‌లో ఫైర్ టెస్ట్ పాసై సర్టిఫికెట్ రాగానే స్టాఫ్ అందులోకి మారతారు. వెంటనే పైప్‌లైన్‌కి నిప్పు. రెండు గంటలు మంటని ఆపాల్సిన గోడ ముందే పగులుతుంది."

"టెస్టే ఆపేస్తే?" అన్నాడు ఏజెంట్ విజయ్ పాల్.

"రుజువేదోయ్? ఇంకో ల్యాబ్‌కి పోతాడు. అందరూ చూస్తుండగా ఆ గోడే ఒప్పుకోవాలి."

ఆ కంట్రోల్ రూమ్ ఆపరేటర్ మెర్సీ విజయ్ పాల్ సొంత అక్క. చెయ్యి పట్టుకుని సండే స్కూలుకి నడిపించిన అక్క.

ల్యాబ్‌లో అతను హెల్పర్ అమ్మిరాజు. ఖాకీ చొక్కా, అతికించిన మీసం. ఆ మీసమే వేషం. ఫర్నేస్ నోటికి శాంపిల్ గోడ బిగించారు. అవతల మంట, ఇవతల మనుషులు.

బర్నర్లు ముట్టించే ముందు ఫర్నేస్‌కి కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో దీపం పెట్టింది ఒక అందగత్తె. నల్ల కళ్లద్దాలు, ఉప్పాడ చీర. మార్కస్ సెక్రటరీ నాగదుర్గ. పూజ లేనిదే ఇక్కడ మెషీన్ కదలదని ఆవిడే వాడిని ఒప్పించింది. మార్కస్ నవ్వి ఫొటో కూడా తీసుకున్నాడు.

"పులస దొరుకుతోందాండీ?" గొణిగాడు విజయ్ పాల్.

"గోదారి ఎర్రబడాలి కదండీ."

కోడ్ సరిపోయింది. మనసే సరిపెట్టుకోలేదు. ఆమె మార్కస్ జీతం తీసుకుంటూ చీఫ్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్. శ్యాంబాబు కూడా ఈమెనే నమ్మాడు.

బర్నర్లు గర్జించాయి. గోడ చల్లగా ఉందని స్క్రీన్ మీద సెన్సర్లు బొంకుతున్నాయి. విజయ్ పాల్ వాచీలో దాచిన హీట్ మీటర్ మాత్రం ఎర్రగా కొట్టుకుంటోంది. ప్యానెళ్ల అతుకు దగ్గర సన్నటి పగులు. గడవాల్సింది కాలం, కాలేది గోడ.

"దూది పట్టవయ్యా అమ్మిరాజూ," అన్నాడు రెండు గంటలు కావస్తుండగా, సర్టిఫై చేసే అధికారి గణేష్‌బాబు. నిజాయితీపరుడే. కాకపోతే స్క్రీన్‌ని దేవుడిలా నమ్ముతాడు.

రూలు చిన్నది. పగులు ముందు దూది పట్టాలి. అంటుకుంటే గోడ ఫెయిల్.

పట్టాడు. చెయ్యి కమిలింది కానీ దూది అంటుకోలేదు. ఎవరో దాన్ని నిప్పంటని మందులో ముంచి ఆరబెట్టారు.

"పాసేనండీ." గణేష్‌బాబు బొటనవేలు సర్టిఫికెట్ ఇచ్చే ట్యాబ్ మీదికి వెళ్లింది. మార్కస్ ఫోన్ తీశాడు. మెర్సీ వాళ్లు ఈపాటికి కొత్త గుమ్మంలో నిలబడి ఉంటారు.

"అయ్యో, ఒత్తులకి తెచ్చిన దూది మిగిలిపోయిందండీ," అంటూ నాగదుర్గ పళ్లెం విజయ్ పాల్ వైపు జరిపింది.

ల్యాబ్ సామానంతా మార్చినవాడు పూజ పళ్లెం జోలికి పోలేదు.

"ఇంకోసారి పడతాను సార్."

"దేనికయ్యా?" అన్నాడు గణేష్‌బాబు. కానీ వేలు ఆగింది.

పొడి దూది పగులు దగ్గరికి వెళ్లగానే భగ్గుమంది. కనుబొమలు కాలాయి, మీసం ఊడింది. గణేష్‌బాబు మొదటి దూది తీసి వాసన చూశాడు. ముఖం పాలిపోయింది. ట్యాబ్ చంకలో పెట్టేసుకున్నాడు.

"ఫెయిల్."

మార్కస్ చెయ్యి కోటులోకి పోయేలోపే నాగదుర్గ పిస్టల్ వాడి మెడకి ఆనింది.

"శ్యాంబాబు గారు ఆ రోజు నేనిచ్చిన కాఫీ తాగి బయల్దేరారు," అంది. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. "పొగండీ," అంది మళ్లీ తనే.

విజయ్ పాల్ ఫోన్ మోగింది. మెర్సీ.

"కొత్త రూమ్‌లోకి వెళ్లొద్దన్నార్రా. ఈ పాత కొంపలో ఏసీ చచ్చింది. ఉడికిపోతున్నాం."

"ఉడకండి అక్కా," అన్నాడతను. "కాలకపోతే చాలు."