కాల్షియం లేని నీళ్లు

కాల్షియం అంటే ఎముకలకే అనుకుంటారు చాలామంది. నరం చివరికొచ్చిన కబురు కండకు చేరాలన్నా అదే దిక్కు. పడవవాడు రాని రేవులా, అది లేకపోతే కబురు ఈ గట్టునే పడి ఉంటుంది. ప్రయోగశాలలో ఉప్పునీళ్లు కలిపే సహాయకుడికి ఈ ముక్క చెప్పింది అతని అక్క మొగుడే. బావ అక్కడ పెద్ద పరిశోధకుడు, నరాల విషాల మీద పని. టీ కావాలంటే నోరు విప్పేవాడు కాదు. బల్ల మీద మూడుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టేవాడు.

"నోట్లో ముత్యాలున్నాయా బావా?"

"నీ చెవులు పనిచేస్తున్నాయో లేదోనని చూస్తున్నా, బామ్మర్దీ!"

నెల కిందట ఆ విషమే బావను మింగింది. దాటిన కబురును తుడిచేసే పనిని అది ఆపేస్తుంది. ఇక కండలు కొట్టుకుంటూనే ఉంటాయి, కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి. ఆవిరిని బయటికి లాగే ఫ్యాను వేయాల్సింది సహాయకుడు. ఆరోజు మరిచిపోయాడు. ఇవాళ నాలుగింటికి విచారణ. ఫ్యాను తిరుగుతూనే ఉందని రాసిన కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుంది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఆరోజు ఫ్యాను వేసే ఉంది కదరా తమ్ముడూ?"

"ఆ... వేసే ఉందక్కా."

ఫోన్ పెట్టేసి, ముందు ఫ్యాను వేశాడు. గిన్నెలోని నీళ్లలో కప్ప కండ వేలాడుతోంది. అది కదిలితే పక్కనున్న సూది కాగితం మీద గీస్తుంది. నరానికి కరెంటు ఇచ్చాడు. చలనం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున నీళ్లలో కాల్షియం కలపనేలేదు. మళ్లీ మతిమరుపే! కరెంటు తీసేసి, సంతకానికి కలం అందుకున్నాడు.

ఎక్కడో మాడిన టీ వాసన.

టక్... టక్... టక్.

కాగితం మీద మూడుసార్లు కొట్టి సూది ఆగింది. మళ్లీ... టక్.

"బావా..." విచారణ కాగితం ముందుకు లాక్కున్నాడు. "పిల్లలున్నవాణ్ణి బావా..."

గబగబా సంతకం గీకేశాడు.

ఫ్యాను హోరు ఆగిపోయింది. స్విచ్చి మాత్రం వేసే ఉంది.

బీరువా దగ్గరికి పరుగెత్తాడు. విషం సీసా మూత మీద లక్క చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకుని, మొహం కడుక్కుని అద్దంలో చూశాడు. చీకటిగా ఉన్న ఆ మూలలో, తన కంటిపాపలు... సూదిమొనలంత.

ఎడమ రెప్ప మూడుసార్లు అదిరింది. ఆగింది.

నాలుగోది... వెనక బల్ల మీద వినిపించింది.