దొరగారి సూది

నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు మాటల్లేవు. పొద్దున్నే కోడలు కాఫీ గ్లాసును బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది. అత్తగారు దాన్ని చూడనట్టే కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

గొడవంతా దొర వల్ల. దొర అంటే అత్తగారు ముద్దుగా పెంచుకున్న ముసలి పిల్లి. ఏడాది క్రితం దానికి షుగర్ పట్టుకుంది. పొద్దున ఒక ఇన్సులిన్ సూది, సాయంత్రం ఒకటి, అదీ తిండి తిన్నాక, వేళ తప్పకుండా. అత్తగారికి చేతులు వణుకుతాయి. కొడుకు లారీ వేసుకుని ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. ఇంకెవరున్నారు? ఆ సూది కోడలి మెడకు చుట్టుకుంది. చీకటి పడేదాకా ఉండాల్సిన సెలూన్ ఉద్యోగం మానేసింది. సినిమాకు వెళితే విశ్రాంతి దాకానే, చుట్టాలింటికి వెళితే భోజనాల ముందే తిరుగుప్రయాణం. గేటు దాటితే చాలు, కళ్ళు గడియారం మీదే ఉండేవి.

నిన్న సెలూన్ యజమానురాలు మళ్ళీ పనిలోకి రమ్మని ఫోన్ చేసింది. కుదరదని చెప్పి ఫోన్ పెట్టేసిన కోడలికి ఉక్రోషం ఆగలేదు.

"ఈ ఇంట్లో నేను కోడల్ని కాదు, పిల్లికి కాపలాదారుని" అంది.

"నిన్నెవరూ కట్టేయలేదమ్మాయ్" అన్నారు అత్తగారు.

అంతే, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు.

వంటింట్లో బుట్టలోని బత్తాయిలు మళ్ళీ మెత్తబడి నీరు కారుతున్నాయి. నెల రోజులుగా ఏ పండు తెచ్చినా ఇదే వరస. కోడలు పళ్ళవాణ్ణి మనసులోనే తిట్టుకుని వాటిని పారేసింది. దొర ముందు గిన్నె పెడితే అది నాలుగు మెతుకులు కతికి ఊరుకుంది. రోజూ చెవి మీద చిన్నగా పొడిచి మీటరులో షుగర్ చూశాకే మందు ఇచ్చేది. ఇవాళ కోపంలో అదీ చూడలేదు. సూది పొడిచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి వరండాలో ఏదో దబ్బున పడిన చప్పుడైంది. దొర లేవబోయి తూలుతోంది. వెనక కాళ్ళు నిలవడం లేదు. కోడలు పరుగెత్తుకొచ్చింది. మీటరు తెచ్చి చూస్తే షుగర్ పాతాళానికి పడిపోయి ఉంది. మందు ఎప్పుడూ ఇచ్చినంతే కదా, ఎక్కడ పొరపాటు చేశానని తనలో తానే గొణుక్కుంటోంది.

గుమ్మంలో అత్తగారి మొహం పాలిపోయింది.

"నేనూ ఇచ్చానమ్మాయ్."

"ఏమిటిచ్చారు?"

"సూది. నువ్వు లేవకముందే తిండి పెట్టి ఇచ్చేశాను. చెబుదామంటే మనకి మాటల్లేవుగా."

తిట్టడానికి కూడా తీరిక లేదు. కోడలు దొర చిగుళ్ళకు తేనె రాసింది. డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. కోడలు స్కూటర్ తీసింది. అత్తగారు దొరను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారి పొడవునా తప్పు నాదే అంటూనే ఉన్నారు.

దొరకు గ్లూకోజు ఎక్కించారు. చాలాసేపటికి అది తల ఎత్తి, తనను పొడిచిన డాక్టరును కోపంగా చూసింది. అప్పటికి గానీ కోడలికి ఊపిరాడలేదు.

"చేతులు వణుకుతాయిగా, ఎలా ఇచ్చారత్తయ్యా?"

"బత్తాయిల మీద నేర్చుకున్నా. వాడేసిన సూదుల్లో నీళ్ళు నింపి." అత్తగారు తల వంచుకున్నారు. "నువ్వు పనికి వెళ్ళాలంటే ఇంట్లో ఇంకో చెయ్యి ఉండాలి కదా."

కోడలు ఏడాది పాటు లోపల్లోపల ఉడికిపోయింది గానీ, మీరు చేస్తారా అని ఒక్కసారి కూడా ఆవిడను అడగలేదు. ఆ వణికే చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది.

తర్వాతి వారం ఓ ఉదయం, కత్తెరల సంచీ భుజాన వేసుకుని ఆమె గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇచ్చేశానమ్మాయ్" అన్నారు అత్తగారు లోపలి నుంచి, వీధికి వినబడేంత గట్టిగా. "మీటరు చూశాను. తిండీ తిన్నాడు."

"సాయంత్రానికల్లా వచ్చేస్తానత్తయ్యా."

"ఎందుకూ? సాయంత్రం సూదీ నాదే. పని చూసుకుని నిదానంగా రా."

గేటు దాటాక కోడలి కాళ్ళు అలవాటుగా ఆగాయి. కిటికీలోంచి అత్తగారు, వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపారు. కోడలు కళ్ళు తుడుచుకుని, గడియారం చూడకుండా నడిచింది.